తెరకెక్కిన అమ్మ మాట

మొన్న పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నాను. గోడకున్న టీవీలో కార్టూన్ బొమ్మ ఆవిడెవరో యాసగా మాట్లాడుతుంటే అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం ఈ వయసులో కూడా చెవులు వేడెక్కాయి.

మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, అరవైలలో మద్రాసులో ఒక బొమ్మల సినిమా కంపెనీకి హాస్యం రాసేవాడు. హాళ్ళలో అసలు సినిమాకు ముందు వేసే ప్రకటనలవి. బొమ్మ ఒక్కసారి కన్నార్పాలంటే ఎన్ని కాగితాలు గీయాలో ఆయన చెబుతుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. చివరికి ఒక ప్రకటనను తనే దగ్గరుండి తీయించాడు. అది మా పక్కూరు కోటలో డేరా వేసిన టూరింగ్ టాకీసుకు రాగానే ఇంటిల్లిపాదినీ బండెక్కించాడు. తెర మీద కనిపించేది తనే అన్నట్టు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

పళ్ళపొడి ప్రకటన. కొంగు బొడ్లో దోపుకున్న లావుపాటి ఆవిడ, చుట్ట తాగే మొగుడితో అంటోంది: "ఆమా, ఆమా! నువ్వు నోరు కడిగితే చెరువులో చేపలు బతుకుతాయా?"

డేరా అంతా గొల్లుమంది. అమ్మది అరవదేశపు సరిహద్దు ఊరు. అవునని చెప్పడానికి 'ఆమా' అనేది మా చుట్టుపక్కల ఆమె ఒక్కతే. చుట్ట నాన్నది. ఆ మాట మా వంటింట్లోది. ముందు వరుసలోవాళ్ళు వెనక్కి తిరిగి మరీ చూశారు. నేలకేసి చూస్తూ నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"నవ్వినారు చూసినావా వదినా!" అన్నాడు చిన్నాయన, తిరుగుదారిలో బండిలో.

"అన్నం పెడతా మనలో మనం అనుకున్న మాట అబ్బయా అది. ఊరందరికీ వడ్డించినావే," అంది అమ్మ.

ఆ తర్వాత నాన్న టీ అంగడికి పోవడం మానుకున్నాడు. అమ్మ మాలాగే మాట్లాడడం నేర్చుకుంది, ప్రతి మాటా తూచి. కంపెనీవాళ్ళేమో ఆ లావుపాటావిడే మళ్ళీ కావాలన్నారు. చిన్నాయన సెలవు పెట్టి వచ్చి, పీట మీద కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని అమ్మ ఏమైనా అంటుందేమోనని చూసేవాడు. "ఇంకొంచెం వేసేదా?" అనేది అమ్మ, అంతే. ఒకరోజు ఆయన కంచం ముందే ఏడ్చేశాడు.

"నాకు రాయడం రాదొదినా. నువ్వు మాట్లాడితే వినడమే వచ్చు."

"వినేవాడివే అయితే ఆ పొద్దు మీ అన్న లేచి బయటికి పోయింది వినబళ్ళేదా?"

కొన్నాళ్ళకు కంపెనీ ఇంకొకర్ని పెట్టుకుంది. చిన్నాయన ఊరికొచ్చి సేద్యంలో పడ్డాడు. మళ్ళీ ఎవరినీ నవ్వించింది లేదు. వాళ్ళు ముగ్గురూ పోయారు. ఆ పళ్ళపొడి పేరు కూడా ఎవరికీ గుర్తు లేదు. నవ్వుకు ఆయుష్షు ఒక్క ఆట. సిగ్గుకు మాత్రం ఒక తరం చాల్లేదు, నా దాకా వచ్చింది.