సూచాయగా, పిల్లితో

ఆ రోజుల్లో మా వైపు కోడలు మావగారితో నేరుగా మాట్లాడేది కాదు. చెప్పవలసినది ఏదైనా ఉంటే గోడతోనో, తలుపుతోనో, చంకలోని పిల్లతోనో చెప్పేది. ఆయన విని, జవాబు కూడా ఆ గోడకే ఇచ్చేవారు. ఇప్పటివాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. ‘సూచాయగా’ అనే మాట ఎక్కడ కనబడినా నాకు మాత్రం ఇప్పటికీ లేచి నిలబడాలనిపిస్తుంది. వేలెత్తి చూపిస్తే అది సూచన. వేలు ఎత్తకుండానే ఎదుటి మనిషి అటు తిరిగి చూస్తే అది సూచాయ. (ఈ నిర్వచనం నాది. ఏ నిఘంటువులోనూ వెతక్కండి.) ‘రాలేనని సూచాయగా అన్నాడు’ అంటాం, ‘సంగతి సూచాయగా తెలిసింది’ అంటాం. ‘సూచాయగా గద్దించాడు’ అని మాత్రం ఎవరూ అనరు. అరుపుకీ ఆ మాటకీ పొత్తు కుదరదు. ముప్పై మూడేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. లెక్కలో ప్రతి మెట్టూ రాసి చూపించకపోతే మార్కులు కోసేసేదాన్ని. అటువంటి నాకు ఒక్క మెట్టూ రాయకుండా జవాబు తేల్చే ఈ విద్యని చూపించినవారు ఇద్దరు. ఒకరు మా అత్తగారు, రెండోవారు మా మావగారు. మధ్యలో ఒక పిల్లి.

1968 వేసవి. చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి ఆమదాలవలసకి కాపరానికి వచ్చి అప్పటికి ఏడాది నిండింది. మావగారు ఒకపక్క వ్యవసాయం చేయిస్తూనే ఇంటి ముందరి వసారాలో ధాన్యం కొట్టు నడిపేవారు. బస్తాలకి ఎలకల బెడద ఉండటంతో ఒక చారల పిల్లిని పెంచేవారు. రాత్రీ పగలూ బస్తాల చుట్టూ గస్తీ తిరిగేది కాబట్టి దాన్ని పోలీసు అనేవారు. నేను ఎస్సెస్సెల్సీ పాసయ్యి ఉన్నాను. పెళ్ళికి ముందు మా నాన్న పెట్టించిన దరఖాస్తుకి ఇన్నాళ్ళకి జవాబు వచ్చింది. విజయనగరం ట్రైనింగు స్కూల్లో సీటు, జూలై ఒకటో తేదీలోగా చేరాలి, హాస్టల్లో ఉండాలి. చేరితే టీచర్నవుతాను. చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ రాదు. మా ఆయనకి పంపించాలనే ఉంది. కానీ మావగారు ఒప్పుకోవాలి.

“మీరే అడగండి,” అన్నాను.

“ఓలమ్మో, నాను అడగను,” అన్నారు మా ఆయన. “మా అయ్యని అడిగితే ముందు వద్దనే అంటాడు. ఒక్కసారి వద్దన్నాక మరి మాట తిప్పడు. అందుకే మా ఇంట్లో ఆయన్నెవులూ ఏదీ అడగరు. సూసాయగా సెప్పాల.”

“అంటే ఏటండి?”

“సెప్పకుండా సెప్పడం.”

చెప్పకుండా ఎలా చెబుతారో నాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు. సరే, ఇంటి పద్ధతి ప్రకారం పిల్లితో చెబితే సరిపోతుంది కాబోలు అనుకున్నాను. మర్నాడు మావగారు భోజనానికి కూర్చున్నప్పుడు తలుపు చాటున నిలబడి గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. “పోలీసూ, నాకు విజయనగరం ట్రైనింగు స్కూల్లో సీటొచ్చింది. జూలై ఒకటో తారీకులోగా సేరాలంట. హాస్టలు ఆడవాళ్ళకి ఏరేగా ఉన్నాదంట. ఇక మావగారు...” (తేదీ తప్పకూడదని ముందురోజు రెండుసార్లు వల్లించుకున్నాను కూడా.) ఆ ‘మావగారు’ దగ్గర మా అత్తగారి చేతిలోంచి ఇత్తడి గిన్నె జారి పడింది. ఆ చప్పుడుకి పోలీసు అటక మీదకి ఒక్క దూకు దూకింది. చారు వంటిల్లంతా పారింది. మావగారు ఏదో అనబోయి ఆగిపోయారు. ఆ ఇంట్లో కాపరం చేసిన ఇన్నేళ్ళలో మా అత్తగారి చేతిలోంచి ఇంకో గిన్నె జారడం నేను చూడలేదు.

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళాక ఆవిడ నా వైపు తిరిగింది. “ఏటే గుంటా, దండోరా ఏస్తన్నావేటి? ఇంకొక్క మాట ఆడుంటే వద్దనీసును. నీ సదువు ఆ సారులో కలిసిపోయేది.”

“మరి పిల్లితోనే కదా అత్తా సెప్పేను!”

“పిల్లికి తారీకులు ఎందుకే?” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “నువ్వు నోరు మూసుకుని ఉండు. నాను సూస్తాను.”

నోరు మూసుకుని చూశాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ నా రేకుపెట్టెని అటక మీంచి దింపించి, సరిగ్గా మావగారి కుర్చీ ఎదురుగా అరుగు మీద ఎండలో పెట్టింది. ఎండకి వెచ్చబడ్డ రేకు మీద పోలీసు వెళ్ళి పడుకుంది. “ఒరే పోలీసూ, దిగు. తుప్పట్టిపోతాదని ఎండలో ఎట్టేను గానీ, ఎక్కడికో ఎల్లిపోయే పెట్టి అనుకుంటన్నావేటి?” అంది. అంతే. మావగారు చుట్ట ఆర్పి మళ్ళీ వెలిగించుకున్నారు. రెండు రోజులు పోయాక మజ్జిగ చిలుకుతూ మళ్ళీ పోలీసుతోనే అంది. “పొందూరు మీ మావగారి తమ్ముడి కోడలికి బడిలో ఉద్యోగమొచ్చినాదంట. ఊరందరూ ఆలింటినే పంతులమ్మగారిల్లంటన్నారంట. పోన్లే, మనకెందుకురా అయ్యన్నీ.” (పిల్లికి మావగారూ, ఆయనకో తమ్ముడూ ఎలా వచ్చారని ఆ ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు.) ఆ పూట మావగారు పెరుగన్నం కలుపుకున్నారు. ఒక ముద్ద తిని, “పెరుగు పులిసిపోయినాది,” అన్నారు.

పెరుగు పులవలేదు, పొద్దున తోడుకున్నదే. ఆయనకి కోపం వచ్చిందనుకున్నాను. వంటింట్లోకి వెళితే మా అత్తగారి మొహం వెలిగిపోతోంది. “మీ మావ పెరుగు మీదకెల్లిపోనాడు సూసేవా? వద్దనుకుంటే వద్దనీసును. ఆలోసిస్తన్నాడు.” అవతలి గదిలోని మనిషి బుర్రలో ఏం జరుగుతోందో పెరుగుని బట్టి చెప్పే ఆవిణ్ణి చూసి, గుళ్ళో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడిపోయాను.

అయినా రోజులు ఆగవు కదా. గోడమీది కేలండర్లో జూన్ కాగితం చివరి వరసకి వచ్చేసింది. అత్తగారు నింపాదిగా ఉంది, మా ఆయన అంతకంటే నింపాదిగా ఉన్నారు. నా వల్ల కాలేదు. ఆ సాయంత్రం మావగారు బజారు నుంచి రాగానే, ఏదైతే అదయిందని, ఎదురుగా నిలబడి నోరు విప్పి అడిగెయ్యాలనుకున్నాను. వాకిట్లో చెప్పుల చప్పుడు అయింది. గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన నా వైపు చూడలేదు. కండువాలోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. అందులో కొత్త ఇత్తడి తాళం ఉంది. తిన్నగా నా పెట్టె దగ్గరికి నడిచి, దాని మీద నిద్రపోతున్న పోలీసుని మెల్లిగా ఎత్తి కింద పెట్టి, గొళ్ళేనికి తాళం వేసి, గట్టిగా రెండుసార్లు లాగి చూశారు. “పోలీసూ, ఈ పెట్టి మీద ఎవులూ సెయ్యి ఎయ్యకుండా సూడు,” అని లోపలికి వెళ్ళిపోయారు.

పెట్టెకి తాళం పడింది. అంతకంటే గట్టిగా వద్దని ఎవరంటారు? నోటితో అన్నా ఇంత బాధ ఉండేది కాదు. వంటింట్లో పొయ్యి దగ్గర చతికిలబడి, పొగ వంక పెట్టుకుని ఏడ్చాను.

“ఏటే, ఏటైనాది?” అంది అత్తగారు.

“మావగారు పెట్టికి తాళమేసీనారత్తా!”

ఆవిడ చేతిలోని గరిటె పక్కన పెట్టి, నన్ను ఎగాదిగా చూసింది. “పది సదివినావు. ఇంట్లో ఉండిపోయే పెట్టికి ఎవులైనా తాళం ఏస్తారేటే? ఊరెల్లే పెట్టికి కదా ఏస్తారు?”

ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. “మరి తాళంసెవో?”

ఆవిడ గడ్డంతో పెరటి గుమ్మం వైపు చూపించింది. పోలీసు పాలు తాగే మట్టి మూకుడు పక్కన, తెల్లదారం కట్టిన తాళంచెవి. కోడలి చేతికి ఇవ్వకూడదు కాబట్టి పిల్లికి ఇచ్చారు. దాన్ని చేతిలోకి తీసుకున్నాక లెక్క మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాను. ఆ ఇద్దరి మధ్యా విజయనగరం అన్న మాట రాలేదు. చదువు అన్న మాట రాలేదు. ఒకరు అడగలేదు, ఒకరు సరే అనలేదు. ఒక్క మెట్టూ కాగితం మీద లేదు, జవాబు మాత్రం నా అరచేతిలో ఉంది. ఆకాశంలో నక్షత్రాలని చూసి కూడా నేను అంత ఆశ్చర్యపోలేదు.

స్టేషనుకి మావగారే వచ్చారు. బండి కదిలేముందు కిటికీలోంచి చెయ్యి పెట్టి, బల్ల మీదున్న పెట్టె తాళాన్ని మళ్ళీ రెండుసార్లు లాగి చూసి, వెనక్కి తిరిగి నడిచారు. అది తాళాన్ని పరీక్షించడం కాదని తెలుసుకోవడానికి నాకు చీపురుపల్లి దాకా... కాదు, అంత దూరం కూడా పట్టలేదు, పొందూరు స్టేషనులోనే కళ్ళు తుడుచుకున్నాను.

ఆ పెట్టె తుప్పు పట్టి పోయి చాలా కాలమైంది. తాళం ఉంది. ఆ విద్య మాత్రం నాకు పట్టుబడలేదు. నేను సూచాయగా ఏదైనా అనబోతే మా ఇంట్లోవాళ్ళు సగంలోనే, “ఏం కావాలో చెప్పమ్మా,” అనేస్తారు. మొన్న మా మనవరాలు ఉద్యోగంలో చేరడానికి చక్రాల పెట్టె సర్దుకుంది. దానికి అంకెల తాళం ఉంది, నా ఇత్తడి తాళంతో పనిలేదు. చెప్పవలసిన జాగ్రత్తలు వరసగా పద్నాలుగు దాకా మనసులో పేర్చుకుని వెళ్ళాను. దాని మొహం చూశాక ఒక్కటీ నోట్లోంచి రాలేదు. వంగి, ఆ అంకెల తాళాన్ని రెండుసార్లు లాగి చూశాను.

“సరేలే బామ్మా, జాగ్రత్తగానే ఉంటాను,” అంది అది, ఫోను మీంచి తల ఎత్తకుండానే.

నేను జాగ్రత్త అనలేదు. అసలు నోరే విప్పలేదు. ఇంత కాలానికి నాక్కూడా ఒక్కసారి కుదిరింది కాబోలు! ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకుందామని ఇల్లంతా తిరిగాను. మా ఇంట్లో పిల్లి లేదు.