కడిగిన సీసా

మైక్రోబయాలజీలో పీజీ సీటు వచ్చిందని ఇంట్లో చెప్పినప్పుడు అందరూ సంతోషించారు, మా పెద్దమ్మ తప్ప. "అంటే రోగులను సూడవా?" అని అడిగింది. చూడనన్నాను. "మరి డాక్టర్‌వి ఎట్లయితవ్?" అంది. నాకు ఒళ్లు మండింది. క్రిముల గురించి, మందుల గురించి ఆమెకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె అంతా విని, "సరేలే, ఏదో ఒకటి" అని వంకాయలు తరుక్కోవడంలో పడింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. పటాన్‌చెరు దాటాక హైవే పక్కన మా ఆసుపత్రి ఉండేది. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి వీస్తే ఆ ఘాటు మా కిటికీల్లోంచి లోపలికొచ్చేది. ఎదురు వీస్తే మన వాసన వాళ్లకు పోతుంది, లెక్క సరిపోయింది అనేవారు మా ప్రొఫెసర్ సార్. ఆయనకు అన్నిటి మీదా వేళాకోళమే. ల్యాబ్ కింది అంతస్తులో, వెనకవైపు. రోగులు పై అంతస్తుల వార్డుల్లో ఉండేవాళ్లు, మా దగ్గరికి వాళ్ల రక్తమో, ఉమ్మో, మూత్రమో సీసాల్లో దిగి వచ్చేది. ఎవరు ఎలా ఉంటారో తెలియదు. నిజం చెప్పాలంటే తెలుసుకోవాలని కూడా అనిపించేది కాదు. సీసాలు ఏడవవు, ఎదురు ప్రశ్నలు వేయవు, నాకు హాయిగా ఉండేది.

పని కష్టమేమీ కాదు. సీసాలోని మూత్రాన్ని సన్నటి తీగతో క్రిములకు తిండి పోసిన ప్లేటు మీద గీసి, వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టాలి. అందులో రోగం క్రిములుంటే మర్నాటికి ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఏ మందుకు అవి చస్తాయో పరీక్షించి వార్డుకు రాసి పంపాలి. ఏమీ మొలవకపోతే 'ఏమీ పెరగలేదు' అని రాయాలి. అలా రాయడానికి అర నిమిషం కూడా పట్టదు కాబట్టి అవంటే మాకు కాస్త ఇష్టం కూడా.

ఒకసారి ఆడవాళ్ల వార్డు నుంచి ఒక గర్భిణి మూత్రం వచ్చింది. ఐదో నెల, చలిజ్వరం, నడుంనొప్పి. ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే చీము కణాలు, వాటి మధ్య బియ్యపు నూకల్లాంటి క్రిములు కుప్పలుగా ఉన్నాయి. రేపు ప్లేటు నిండిపోతుంది అనుకున్నాను. తెల్లారి చూస్తే ప్లేటు అద్దంలా నున్నగా ఉంది. రాసి పంపాను. వార్డు వాళ్లు ఇంకో సీసా పంపారు. మళ్లీ అదే కథ, మైక్రోస్కోప్ కింద బోలెడు, ప్లేటు మీద శూన్యం.

సార్‌ని అడిగాను. "ఇంజెక్షన్లు ఇస్తున్నారు కదమ్మా, ఆ దెబ్బకు చచ్చి ఉంటాయి" అన్నారు.

"చస్తే జ్వరం తగ్గాలి కదా సార్? తగ్గలేదంటున్నారు."

ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "నన్నడిగితే నాకేం తెలుసు? పైకి పోయి ఆమెనే అడుగు" అన్నారు. వేళాకోళానికే అని ఉంటారు. నాకు మాత్రం పౌరుషం వచ్చి, మెట్లెక్కి వెళ్లాను.

వార్డు డాక్టరు నా కంటే ఏడాది సీనియర్. నన్ను చూడగానే విసుక్కుంది. పోయిన ఏడు ఇలాంటి జ్వరంతోనే ఈ అమ్మాయికి కడుపు పోయిందట. మామూలు ఇంజెక్షన్లకు ఇప్పుడు లొంగడం లేదు. పెద్ద మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు మంచివి కావు, గుడ్డిగా ఇవ్వలేరు. "జ్వరం ఇట్లనే ఉంటే ఈ బిడ్డ కూడా దక్కదు. ఏ మందుకు చస్తదో మీరు చెప్తే గదా నేను ఇచ్చేది. మీరేమో ఏం లేదని రాస్తున్నరు" అంది. రాసింది నేనే. మంచం దగ్గరికి వెళ్లాను.

సన్నటి అమ్మాయి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన వాళ్ల అత్త నిలబడి ఆమె పాదాలు పిసుకుతోంది. స్టూలు ఉన్నా కూర్చోలేదు. దాని మీద ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బైబిల్ ఉంది. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటారట. కొడుకు కంపెనీలో షిఫ్టుకు పోయాడు, ఈమె మాత్రం తన పనికి సెలవు పెట్టి కోడలి దగ్గర ఉంది.

"వందనాలు డాక్టరమ్మా" అంది నన్ను చూసి. "ఇగ పంపిస్తరా మమ్ముల? రిపోర్టుల ఏం లేదని వచ్చింది గద. మొన్న ఆదివారం ప్రేయర్‌ల సాక్ష్యం గూడ చెప్పిన. దేవుడు ముట్టిండు, పిల్లకు ఏం లేదు అని."

"జ్వరం ఉన్నది గదమ్మా" అన్నాను.

ఆమె నన్ను పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించింది. "మనసుల భయం పట్టుకున్నది దానికి. పోయినసారి అట్లాయె గద, గదే యాది చేసుకుంట నొప్పి నొప్పి అంటది. మంచిగ తినమంటె తినదు. ఇంటికి తీస్కపోతె నలుగుర్ల పడి అదే మర్సిపోతది." ఆమె మాటలో కోపం లేదు. కోడలంటే ప్రాణమని ఆ చేతులు చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆమె చెప్పినట్టు ఇంటికి తీసుకుపోతే ఏమవుతుందో తలుచుకుని నాకు భయం వేసింది.

మంచం దగ్గరికి వచ్చి అమ్మాయిని అడిగాను, నొప్పి ఎట్లుంది అని. గోడవైపు చూస్తూనే అంది: "ఉన్నదనే అనిపిస్తది మేడమ్. రిపోర్టుల లేదంటున్నరు. ఉన్నదో లేదో నాకే సమజైతలేదు."

అర నిమిషంలో రాసి పంపిన కాగితం ఒక మనిషికి తన నొప్పి మీదే అనుమానం పుట్టించింది. నాకు ఆ క్షణంలో పెద్దమ్మ గుర్తుకొచ్చింది, ఎందుకో మరి.

ఇంకోసారి పరీక్ష చేద్దామని చెప్పి, నర్సు దగ్గర కొత్త సీసా తీసుకుని అమ్మాయి చేతికివ్వబోయాను. మధ్యలో అత్త అందుకుంది. వెలుతురుకు ఎత్తి చూసింది, మూతి వాసన చూసింది, పెదవి విరిచింది. మంచం కింది సంచిలోంచి ఒక చిన్న డబ్బా, ఒక సన్న బ్రష్ తీసి నల్లా దగ్గరికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను.

డబ్బాలోంచి పచ్చటి మందునీళ్లు సీసాలో పోసింది. బ్రష్ పెట్టి గొంతు చుట్టూ తిప్పింది. మూతి మీద బొటనవేలు పెట్టి ఊపింది, కడిగింది, బోర్లించి విదిలించింది. ఆఖర్న మళ్లీ కాసిని మందునీళ్లు పోసి, పారబోసి, కొంగు తగలకుండా పట్టుకుంది. ఎంత ముచ్చటగా చేసిందంటే అడ్డు చెప్పడం కూడా మర్చిపోయి చూశాను.

"ఏం చేస్తున్నవమ్మా?"

"సీస కడుగుతున్న బిడ్డా. మందుల కంపెనీల నా పని ఇదే, ఈ మందునీళ్లు గూడ ఆడియే. నేను కడిగిన సీస ఒక్కటి గూడ వాపస్ రాదు" అంది కాస్త గర్వంగా. "మీయి జెర మసక మసకగ ఉంటయి. ఏమనుకోకు."

"అన్నిసార్లు ఇట్లనే కడిగి ఇచ్చినవా?"

"కడగకుంట ఎట్లిస్తం? ఇంటికొచ్చిన చుట్టానికి ఎంగిలి గ్లాసుల నీళ్లిస్తమా? డాక్టర్ల చేతికిచ్చేది అది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొంచెం కోపం కూడా వచ్చింది, దాచుకోను. మేం ఆ సీసాలను ఆవిరిలో ఉడికించి, మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. ఉడికీ ఉడికీ గాజు మసకబారేది. లోపల మాత్రం ఒక్క పురుగు కూడా ఉండదు. ఆ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని మాకు తోచలేదు. ఈవిడేమో తన పనితనమంతా పెట్టి, ఏ క్రిమీ బతకలేనంత శుభ్రంగా కడిగి పంపింది. రెండు పక్కలా తప్పేమీ లేదు, మధ్యలో ఆ అమ్మాయి నలిగిపోయింది.

మెల్లగా చెప్పాను. "అమ్మా, మేం సీసను ఆవిరిల ఉడకబెట్టే ఇస్తం. నువ్వు పోసిన మందు అడుగున కొంచెం మిగిలినా సరే, నీ కోడలి రోగం పురుగులు మా దగ్గరికి వచ్చేసరికే చచ్చిపోతయి. మాకు ప్లేటు మీద ఏం మొలవదు. ఏం లేదని రాస్తం."

నల్లా నడుస్తూనే ఉంది. ఆమె సీసా పట్టుకుని అలాగే నిలబడింది. "అంటే పిల్లకు నిజంగ..." అని ఆగిపోయింది.

"రేపు సూస్తె తెలుస్తది" అన్నాను.

ఆమె నల్లా కట్టేసి, ఆ సీసాను నా చేతికిచ్చింది. నర్సు ఇంకోటి తెచ్చినప్పుడు దాని జోలికి రాలేదు. చేతులు రెండూ కొంగులో దోపుకుని దూరంగా నిలబడింది. అమ్మాయి ఇచ్చిన సీసాను నేనే కిందికి తీసుకెళ్లాను. "ఏమ్మా, వార్డ్‌బాయ్ పోస్టు కూడా నీకే ఇచ్చారా?" అన్నారు సార్. విషయం చెప్తే మాత్రం నవ్వలేదు. సీసాలు కడగవద్దని అన్ని వార్డులకూ చీటీ రాయిస్తానన్నారు.

మర్నాడు పెట్టె తెరిస్తే ప్లేటు నిండా గులాబీ రంగు చుక్కలు. గంతులేయాలనిపించింది. ఒకరి రోగం చూసి అంత సంబరపడటం మా శాఖలోనే కుదురుతుంది. ఆ మరునాటికి మందు కూడా తేలింది, బిడ్డకు హాని చేయనిదే. వార్డుకు రాసి పంపకుండా పరుగెత్తి నేనే చెప్పాను. మొదటిసారి వార్డు డాక్టరు నన్ను చూసి నవ్వింది.

ప్లేటును టేపుతో గట్టిగా మూసి, సార్‌ని బతిమాలి, పైకి తీసుకెళ్లాను. ముందు అమ్మాయికే చూపించాను. లేచి కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"ఇవన్ని నాయేనా మేడమ్?"

"నీయే."

"అయితె నేను అబద్ధం ఆడలే" అంది, నాతో కాదు, తనతోనే అన్నట్టు. తర్వాత ప్లేటును అత్తవైపు తిప్పింది. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూసింది. బైబిల్ తీసి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుని, మోకాళ్లు పట్టుకుంది. నిలబడే ఉద్యోగం కదా, నొప్పులుంటాయి అనుకున్నాను.

కొత్త మందుకు జ్వరం దిగింది. ఇంటికి పోయేరోజు అత్త మా ల్యాబ్ గుమ్మం బయట నిలబడి నన్ను పిలిచింది. "ఆదివారం మా ప్రేయర్‌కు రావాలె డాక్టరమ్మా. జరూర్ రావాలె." నాకు ప్రార్థనలు అలవాటు లేదు. కానీ పదిమందిలో నన్ను మెచ్చుకుంటుందని లోపల ఆశ పుట్టింది. నేనూ మనిషినే కదా. ఇస్త్రీ చీర కట్టుకుని మరీ ఇస్నాపూర్ వెళ్లాను.

కిరాయి గదుల సందు చివర రేకుల షెడ్డు. చాపలేసి, మగవాళ్లు అటు, ఆడవాళ్లు ఇటు. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లను లేవమన్నారు పాస్టరయ్య. ఆమె లేచింది. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని సిద్ధంగా కూర్చున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు.

"మొన్న గీడనే నిలబడి నా కోడలికి ఏం లేదు, రిపోర్టు మంచిగొచ్చింది అని చెప్పిన. మీరందరు చప్పట్లు కొట్టిండ్రు. అది అబద్ధ సాక్ష్యం" అంది. షెడ్డులో గుసగుసలు ఆగిపోయాయి. "పిల్ల నొప్పి అని ఏడిస్తె నేను నమ్మలే. కాయితాన్ని నమ్మిన. ఆ కాయితం అట్ల వచ్చింది గూడ నా చేతులతోనే. దేవున్ని అయితె క్షమించుమని అడిగిన. పిల్లను అడగనీకె ఇంట్ల నాకు నోరు రాలే. గిప్పుడు మీ అందరి ముందట అడుగుతున్న."

ఆమె తలొంచుకుని అలాగే నిలబడింది. నా పక్కన కూర్చున్న కోడలు ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, రెండో చేత్తో అత్త కొంగు పట్టి కిందికి లాగింది.

"కూసో అత్తమ్మా" అంది. "నీ మోకాళ్లు నొస్తున్నయి."

ఆమె కూర్చుంది.