రాళ్లకు ముందు స్తెఫను

టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో తొమ్మిదేళ్లుగా సండే స్కూల్ పిల్లలకు బైబిల్లోని స్తెఫను కథ చెప్పేది నేనే. మేం ప్రొటెస్టెంట్లం, సెయింట్ అనం, స్తెఫను భక్తుడు అంటాం. మా గుంటూరు వైపు చుట్టాల్లో ఆ పేరు లేని ఇల్లు లేదు. కథను నేనెప్పుడూ చివరి నుంచే అందుకునేదాన్ని. సభలో నిలబెట్టడం, ఊరి బయటికి ఈడ్చుకెళ్లడం, రాళ్లు రువ్వడం, ఆయన మోకాళ్లూని తనను చంపేవాళ్లను క్షమించమని వేడుకోవడం. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు. నాకూ అదో గొప్ప.

పోయిన సెప్టెంబర్‌లో మా సంఘంలో ఒకామె భర్త గుండెపోటుతో చనిపోయాడు. ఆయన ఉద్యోగపు వీసా మీదే ఆమే, ఎనిమిదో తరగతి చదివే కూతురూ ఇక్కడ ఉంటున్నారు. ఆమెకు డ్రైవింగ్ రాదు. ఫోను, కార్డు, యాప్‌లు అన్నీ భర్త పేరు మీదివే, ఆయనతోటే ఆగిపోయాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందులో నేను బిర్యానీ వడ్డిస్తుంటే ప్లేటు పట్టుకుని వచ్చింది.

"అక్కా, బుధవారం పదకొండింటికి ప్లేనోలో లాయర్ అపాయింట్‌మెంట్ ఉంది. గడువు దాటకముందే వెళ్తే, పాప స్కూల్ ఇయర్ అయ్యేదాకైనా ఉండటానికి ట్రై చేస్తానన్నాడు. ఎలా వెళ్లాలో తెలీట్లేదు. ప్రార్థన చేయండక్కా."

"తప్పకుండా చేస్తానమ్మా" అని ఇంకో గరిటె వేశాను.

చేశాను కూడా! బుధవారం సరిగ్గా పదకొండింటికి ఆఫీస్ మీటింగ్ మ్యూట్‌లో పెట్టి, మోకరించి, ఆమెకు దారి చూపించు ప్రభువా అని ఏడ్చాను. కారేమో గరాజ్‌లోనే ఉంది. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మాలో ఎవరూ కార్లో తీసుకెళ్లమని నోరు తెరిచి అడగరు, ప్రార్థన చేయమంటారు. నేనూ అలాగే అడిగి ఎన్ని పనులు చేయించుకున్నానో!

ఆ శనివారం పాఠం తయారు చేసుకుంటూ, పిల్లల క్విజ్ కోసం ఒక అధ్యాయం వెనక్కి వెళ్లాను. రోజూ పంచే భోజనంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లను పట్టించుకోవట్లేదని తొలి సంఘంలో గొడవైంది. ఆ పని చూడటానికి ఏర్పరచిన ఏడుగురిలో మొదటి పేరు స్తెఫనుది. దిక్కులేని ఆడవాళ్లకు అన్నం అందిందా లేదా చూడటమే ఆయనకు అప్పగించిన పని. ప్రసంగమూ, రాళ్లూ ఆ తర్వాతే. తొమ్మిదేళ్లలో ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు నేను. వెంటనే, ఇంటి వైఫై మీద పనిచేసే పాప ఫోన్‌కి వాట్సాప్ కాల్ చేశాను. తల్లే ఎత్తింది.

"లాయర్ ఏమన్నాడమ్మా?"

"వెళ్లలేదక్కా. రెడీ అయి పన్నెండు దాకా గుమ్మంలోనే కూర్చున్నాం."

"అయ్యో, నన్నడగొచ్చు కదా!" అని అరిచాను, సిగ్గు లేకుండా.

"అడిగానక్కా" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. మళ్లీ అపాయింట్‌మెంట్ దొరికేసరికి మూడు వారాలు పట్టింది. ఈసారి నేనే డ్రైవ్ చేశాను. గడువు దాటిపోయింది, ముందే రావాల్సింది అన్నాడు లాయర్.

నెల తిరక్కుండానే, ఇండియాకి తిరిగి వెళ్లిపోతున్న తల్లీకూతుళ్లను ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్లాను. పాప దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. సూట్‌కేసులు దించాక, ఇక్కడి పిల్లలకు అలవాటైన మర్యాదతో నా వైపు చూసి అంది.

"థాంక్స్ ఫర్ ద రైడ్, ఆంటీ."