మాచర్ల లేత్‌కు నేను పెట్టిన వంక

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఇంట్లో చెక్కపని చేసుకునే మిత్రులు కొందరు "కర్రను తిప్పుతూ చెక్కే చిన్న లేత్ కొనాలి, మాచర్ల వైపు వెళ్తే దొరుకుతుందా?" అని అడుగుతూనే ఉన్నారు. దొరుకుతుంది. నాలాగా మాత్రం వెళ్ళకండి.

నరసరావుపేటలో మా పెరటి రేకుల షెడ్డులో కూర్చుని కవ్వాలు, బొంగరాలు, అప్పడాల కర్రలు చేసుకోవాలన్నది నా కోరిక. డ్రిల్లు మిషన్‌కు వేప కర్ర బిగించి తిప్పితే అది ఎగిరి గోంగూర మడిలో పడింది. "లేత్ అన్నా కొనుక్కో, లేకపోతే నోరు మూసుకుని పేపరు చదువుకో" అంది మా ఆవిడ. కొత్తవి చూస్తే రేకు డబ్బాల్లా తేలిగ్గా ఉన్నాయి, ధర మాత్రం పాతికవేల పైమాటే. ఇంతలో మాచర్లలో ఒకావిడ తన లేత్ అమ్ముతోందని స్నేహితుడొకడు చెప్పాడు.

పొద్దున ఆరున్నర బస్సెక్కితే పిడుగురాళ్ళ, గురజాల మీదుగా పది లోపే మాచర్లలో దిగొచ్చు. చార్జీ రెండొందలు దాటదు. పిడుగురాళ్ళలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తినండి, కారప్పొడి అడిగి వేయించుకోండి. మాచర్లలో వెల్దుర్తి రోడ్డుకు ఆటో ఎక్కాను.

"ఏంది పెద్దాయనా, ఈ వయసులో మిషను పనా?" అన్నాడు ఆటో అతను.

"వయసు నాకొచ్చింది గానీ మిషనుకు కాదుగదరా" అన్నాను. పొద్దున్నే నోరు బాగా నడిచింది. అదే కొంప ముంచింది.

ఇక్కడ పత్తి గురించి కాస్త చెప్పాలి. నేను చిలకలూరిపేట జిన్నింగు మిల్లు ఒకదానికి ఏళ్ళ తరబడి పత్తి కొనిపెట్టినవాణ్ణి. ఆ బేరానికి ఒక పద్ధతుంది. పత్తి కుక్కిన బోరెం సంచిలో చెయ్యి దూర్చి గుప్పెడు పత్తి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాలి. మల్లెపువ్వులాంటి పత్తయినా సరే "తేమ ఉంది" అనాలి. రైతు నన్ను తిడతాడు, నేను పత్తిని తిడతాను, తర్వాత ఇద్దరం కలిసి టీ తాగుతాం. ఆ వంకను అతనూ నమ్మడు, నేనూ నమ్మను.

లేత్ అమ్మే ఆవిడ పేరు నాగమణి. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో భర్తకు పని దొరికి కాపురం మారుస్తోంది. అక్కడి అద్దె గదిలో లేత్‌కు చోటు లేదట. "మిషన్లు తెలిసినాయన వత్తన్నాడని చెప్పారు. కూచో బాబాయ్" అని స్టూలు వేసింది.

లేత్‌ను చూడగానే ప్రాణం లేచొచ్చింది. లావాటి ఇనప చానెళ్ళ మీద కట్టిన మిషను, ఇంటి కరెంటుతో నడిచే చిన్న మోటారు. చేత్తో తిప్పితే చప్పుడు లేదు, ఊగులాట లేదు. కర్రను రెండు వైపులా పట్టే మొనలను దగ్గరికి జరిపితే సూదికి సూది ఆనినట్టు కలిశాయి. ఇంతకంటే ఏం కావాలి?

మొహం మాత్రం అలవాటు కొద్దీ చిట్లించాను. "ఏందమ్మా ఈ వెల్డింగు? ఎవడో తాగి చేసినట్టున్నాడే!"

"నేనే చేశా బాబాయ్."

అక్కడైనా ఆగాల్సింది. బేరంలో వంక వెనక్కి తీసుకుంటే ధర పెరుగుతుందని భయం. "అట్టాగా! మరి జోరు మీదున్నప్పుడు ఈ అతుకు ఊడిందనుకో, కర్ర వచ్చి మొహాన తగులుద్ది. కన్ను పోద్ది" అన్నాను. ఇక ధర తగ్గిస్తుందని చూస్తున్నాను.

ఆమె గొంతుకూర్చుని అతుకు మీద వేలు పెట్టి రాసింది. "నేను ఎవరి దగ్గరా నేర్చుకోలా. ఫోన్లో చూసి చేశా. నాకూ ఈ అనుమానం మొదట్నుంచీ ఉంది. మా ఆయనేమో 'రాయిలాగుంది పోవే' అంటాడు. తెలిసినోళ్ళు ఒక్కరన్నా చూసి చెప్తే బాగుండుననుకున్నా. నువ్వు చెప్పావు."

"సరే, ధర సంగతి..."

"ఇంకెక్కడి ధర బాబాయ్? నీ కన్ను పోతే ఆ ఉసురు నాకెందుకు?"

"అమ్మా, అది బేరం కోసం అన్న మాట. లేత్ బంగారంలాగుంది. నువ్వు ఎంతంటే అంత ఇస్తా."

"చెయ్యి జారిపోద్దని ఇప్పుడు మంచిదంటన్నావు."

"లేదమ్మా, అబద్ధం చెప్పాను."

"ఎప్పుడు? ఇందాకా, ఇప్పుడా?"

నా మాట నమ్మడానికి ఆమెకు ఒక్క కారణమూ నేను మిగల్చలేదు. పాత ఇనుము కొనేవాడికి ఫోన్ చేసింది. వాడి దగ్గరైనా కొనుక్కోవచ్చులే అని నాలో నేను లెక్కలు వేసుకుంటుంటే ఇనుము కోసే గ్రైండరు పట్టుకొచ్చింది. "ఇట్టాగే పంపితే ఎవడో ఒకడు బిగించుకుని చేతులు పోగొట్టుకుంటాడు" అని, సరిగ్గా నేను వంక పెట్టిన అతుకు మీదే పెట్టింది. నిప్పురవ్వలు లేచాయి. అతుకు తెగలేదు. కోసే బిళ్ళ అరిగిపోతే ఇంకోటి వేసింది. "చూడు, ఎంత గట్టిగా ఉందో చూడమ్మా!" అని అరిచాను. ఆ మోతలో ఆమెకు వినపడలేదు. రెండో బిళ్ళకు గానీ అతుకు తెగలేదు.

పత్తి యార్డులో నా వంకలు ఎవరికీ తగల్లేదంటే, అవతలివాడికీ ఆ ఆట తెలుసు కాబట్టి. ఈమెకు తెలియదు. తెలిసినవాడొకడు వచ్చి నిజం చెప్తాడని ఎదురుచూసింది, వచ్చింది నేను. ఆమె ఇక ఎప్పుడైనా వెల్డింగు రాడ్డు పట్టుకుంటుందో లేదో. ఆ సంగతి తల్చుకుంటే నా షెడ్డులోకి వెళ్ళబుద్ధి కావడం లేదు.

మీకు పనికొచ్చే మాట ఒకటి: లేత్ బరువుగా ఉందో లేదో చూడండి, చేత్తో తిప్పండి, రెండు మొనలూ కలిపి చూడండి. బాగుంటే, బాగుందని ముందు చెప్పి, ఆ తర్వాత ధర అడగండి.

పాత ఇనుము ఆటో మధ్యాహ్నం వచ్చింది. బండివాడు ఒక్కడే వచ్చాడు. "పెద్దాయనా, ఆ కొస పట్టుకో" అన్నాడు. పట్టుకుని బండిలో పెట్టాను.