మూడో మాట వదులుకున్న రూతమ్మ గారు

రూతమ్మ గారు ప్రభువు సన్నిధికి చేరారన్న వార్త వచ్చేసరికి నేను శుభ శుక్రవారం ప్రసంగం రాసుకుంటున్నాను. మా తార్నాక సంఘం కాపరి అయ్యగారు ఫోనులో రెండు ముక్కలు చెప్పి పెట్టేశారు. మొన్న ఆదివారం మందిరం మెట్ల మీద నా మోకాళ్ల నొప్పుల గురించి అడిగిన మనిషి ఇక లేరంటే మనసు ఒప్పుకోలేదు. అయితే నిజం చెప్పాలి. దుఃఖం కంటే ముందు నాకొక ఆలోచన వచ్చింది. ఈమె కోసం ఈమె చేరదీసిన పిల్లలంతా ఎంత ఏడుస్తారో, నేను పోతే అందులో సగమైనా ఏడుస్తారా అని. సిగ్గుపడవలసిన సంగతే. ఆ పుణ్యమూర్తిని స్మరించుకుంటూ అబద్ధం రాయలేను కనుక చెబుతున్నాను. బతికినన్నాళ్లూ ఆమె మీద నాకు అసూయే.

ఆమె కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో విద్యార్థులకు పుస్తకాలు అందించే చిన్న ఉద్యోగం చేసి, అందులోనే పదవీ విరమణ చేశారు. పెళ్లి చేసుకోలేదు. నేను గుంటూరు నుంచి వచ్చినవాణ్ణి, హైస్కూలు మాస్టర్ని, పన్నెండేళ్లు మా సంఘ యౌవనస్థుల కూటమికి కన్వీనర్ని. పిల్లల్ని ఆకర్షించవలసిన పదవి నాది. ఏ పదవీ లేకుండా ఆకర్షించింది ఆమె. చదువుకూ హోదాకూ విలువిచ్చే మనిషికి ఇది మింగుడుపడుతుందా?

యౌవనస్థుల ఆదివారాన్ని ఏటా నేనే వైభవంగా జరిపించేవాణ్ణి. బ్యానరు కట్టించి, దూరం నుంచి ప్రసంగీకుణ్ణి రప్పించి, క్విజ్ పెట్టించేవాణ్ణి. ముందు వరుసల్లో పెద్దలం కూర్చునేవాళ్లం. యౌవనస్థులు పొద్దున కుర్చీలు వేసి, మధ్యాహ్నం కుర్చీలు తీసేవాళ్లు. మరుసటి ఆదివారం ఒక్కడూ కనిపించేవాడు కాదు. ఈ కాలం పిల్లలకు భక్తి సన్నగిల్లిందని నేను కమిటీలో నివేదిక చదివేవాణ్ణి. ఒకసారి ఆమె లేచి, "రేపటి సంఘం, రేపటి సంఘం అంటవు తమ్ముడూ. మరి ఇయ్యాల వాళ్లు ఏడికి పోవాలె?" అన్నారు. నలుగురిలో తల తీసేసినట్టయింది.

తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచిన ఆ శీతకాలం క్యాంపస్ అంతా బాష్పవాయువు. హాస్టల్ మెస్‌లు మూతపడ్డాయి. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో నలుగురు విద్యార్థులు ఎర్రబడ్డ కళ్లతో మందిరంలోకి పరుగెత్తుకొచ్చారు. పరాయి ఊరి విశ్వాసులు మా సంఘంలో చేరాలంటే తమ కాపరి దగ్గర్నుంచి ఉత్తరం తేవాలన్నది మా ఆనవాయితీ. నేను గుమ్మం దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, ఉత్తరాలు తెచ్చారా అని అడిగాను. పోలీసుల నుంచి పారిపోయి వచ్చినవాళ్లను ఉత్తరం అడిగిన ఘనుణ్ణి నేను. గుమ్మం పక్కన చివరి బల్లే ఎప్పుడూ ఆమె చోటు. ఆమె జరిగి, "గీడ కూసోండ్రి బిడ్డా. కండ్లు నలపకుండ్రి" అని చెప్పి మంచినీళ్ల సీసా చేతికిచ్చారు. ఆరాధన ముగిశాక ఆ నలుగురూ ఆమె వెంటే ఆమె రెండు గదుల ఇంటికి నడిచారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆమె ఇంట్లో పప్పుచారు, అన్నం. మాణికేశ్వర్ నగర్ అద్దె గదుల్లో ఉండే పిల్లలు కూడా చేరారు. అయితే వాళ్లను కూర్చోబెట్టి వడ్డించే రకం కాదామె. ఒకరు ఉల్లిగడ్డ కోయాలి, ఒకరు ప్రార్థన నడపాలి, ఒకరు జబ్బుపడ్డ సంఘస్థుణ్ణి చూసి రావాలి. అదేమిటక్కా, పిలిచి పనులు చెబుతారా అని నేను ఎత్తిపొడిస్తే ఆమె నవ్వారు. "సుట్టం లెక్క చూస్తే సుట్టం లెక్కనే పోతడు తమ్ముడూ. పని చెప్తే ఇంటోడైతడు" అన్నారు.

శుభ శుక్రవారం నాడు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. మా సంఘంలో ఏ మాట ఎవరిదో ఆస్తి పంపకంలా స్థిరపడిపోయింది. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట రూతమ్మ గారిది. దాహాన్ని గురించిన ఐదో మాట పద్నాలుగేళ్లుగా నాది. ఆ ఏడాది ఆమె కమిటీలో నిలబడి, తన మాట యాదగిరికి ఇవ్వమన్నారు. అతను మందిరంలోకి పరుగెత్తుకొచ్చిన ఆ నలుగురిలో ఒకడు, నల్లగొండ నుంచి వచ్చిన ఎం.ఏ. విద్యార్థి. మొదట అడ్డుపడింది నేనే. వేదిక ఎక్కడానికి యోగ్యత ఉండాలన్నాను, నినాదాలిస్తే సంఘం పరువేం కానన్నాను. ఆ భయంలో నా గుంటూరు కూడా ఉంది, దాచను. "పిలగాడు తప్పు మాట్లాడితే నన్నడుగుండ్రి" అని ఆమె పూచీ పడ్డారు.

యాదగిరి నినాదాలివ్వలేదు. ఊళ్లో బీడీలు చుట్టే వాళ్లమ్మ గురించి చెప్పాడు. లొల్లిలకు పోకు కొడుకా అని ఫోనులో ఏడ్చి, చివరికి, నీకు బువ్వ ఎవరు పెడుతున్నరని అడిగిందట. తార్నాకల ఇంకో అమ్మ ఉన్నదే అని చెప్పాడట. ఆంధ్రా వాళ్లూ తెలంగాణ వాళ్లూ ఒకే బల్ల మీద కళ్లు తుడుచుకున్నారు. నా వంతు వచ్చేసరికి కూడా తుడుచుకుంటూనే ఉన్నారు. మూడు వారాలు శ్రమపడి రాసుకున్న నా ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఈర్ష్యతో నా గొంతు ఎండిపోయింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి కెజియా, అప్పుడు డిగ్రీ చదువుతోంది, వచ్చే ఏడాది ఐదో మాట తాను చెప్పనా అని అడిగింది. ముందు వినడం నేర్చుకో అన్నాను. మళ్లీ అడగలేదు. ఆదివారాలు రూతమ్మ గారింటికి వెళ్లడం మొదలుపెట్టింది. మా ఇంట్లో కంచం తియ్యని పిల్ల అక్కడ గిన్నెలు తోముతోందని విన్నాను. తిన్నగా వెళ్లి, నా కూతుర్ని నాక్కాకుండా చేస్తున్నారక్కా అని అడిగేశాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. తలెత్తి, "చాయ్ తాగుతవా తమ్ముడూ" అన్నారు. తాగి వచ్చేశాను.

భూస్థాపన రోజున పెట్టె మోసింది ఆ పిల్లలే. పాటలు, ప్రార్థనలు అన్నీ వాళ్లే నడిపారు. పెద్దలం పక్కన నిలబడి చూశాం. సమాధి దగ్గర ఉండబట్టలేక, ఈసారి మూడో మాట అక్క నీకిప్పించిందా అని కెజియాను అడిగాను. అది నా వంక చూడకుండానే జవాబు చెప్పింది.

"రెండేండ్ల సంది అడుగుతున్న నాన్నా. ఇప్పియ్యలేదు. నీకు నేనిప్పిస్తే మీ నాయన చిన్నబోతడు, ఆయన చేతులకెళ్లి తీసుకో, జర ఆగు అన్నది."

నేను వంగి గుప్పెడు మట్టి చల్లాను. నా కూతుర్ని లాక్కున్నదనుకున్న మనిషి రెండేళ్లుగా నా పరువు కాపాడుతూ వచ్చారు. ఆ రెండేళ్లూ నా కూతురు నా ఇంట్లోనే, నేను పిలుస్తానని ఎదురుచూసింది.

ఇంటికొచ్చాక ఐదో మాట కెజియా చెబుతుందని అయ్యగారికి ఫోను చేశాను. నా ప్రసంగం కాగితాలు తీసుకెళ్లి దాని ముందు పెట్టాను. అది చదివి, మర్యాదగా మడిచి నాకే తిరిగిచ్చి, తనది తాను రాసుకుంటానంది.

అక్కా, ఈ శుభ శుక్రవారం నేను వేదిక మీద ఉండను. గుమ్మం పక్కన చివరి బల్ల మీద, మీ చోటు పక్కన కూర్చుంటాను. మీ చోటు భర్తీ చేసే తాహతు మా సంఘంలో ఎవరికీ లేదు, నాకసలే లేదు. ఆలస్యంగా వచ్చిన పిల్లలకు జరిగి చోటివ్వడం ఒక్కటి నేర్చుకుంటాను. మీరుంటే కెజియా నోరు తెరవగానే నాకంటే ముందు మీ కళ్లు తడిసేవి. ఈ ఒక్కసారి మీకంటే ముందు నేనే ఏడుస్తాను. పోటీకి మీరు లేరు, అదే నా ఏడుపు.