ఆల్ప్స్‌లో క్లచ్ తొక్కినదెవరు

డల్లాస్ పక్కన మా ఫ్రిస్కోలో తెలుగువాడికి సిటిజన్‌షిప్ రాగానే చేసే మొదటి పని ఓటు వెయ్యడం కాదు, యూరప్ వెళ్లడం. అమెరికా పాస్‌పోర్ట్ చేతికొచ్చాక అక్కడికి వీసా అక్కర్లేదు కదా, ఆ సుఖం అనుభవించకపోతే గ్రీన్‌కార్డ్ కోసం పడ్డ పాట్లన్నీ వృథా అని మావాళ్ల లెక్క. అలాగని టూర్ బస్సెక్కి వెళ్లొస్తే అది సగం ట్రిప్పే. సొంతంగా కారు నడుపుకుంటూ నాలుగు దేశాలు దాటి వస్తేనే తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో నలుగురి ముందూ నోరు విప్పడానికి అర్హత వస్తుంది.

మాకు పాస్‌పోర్టులు వచ్చిన వారంలోనే మా ఆయన యూరప్ మొదలుపెట్టేశారు. అంటే ఎక్సెల్ షీట్ తెరిచారని అర్థం. జర్మనీలో దిగడం, స్విట్జర్లాండ్ మీదుగా ఇటలీకి పోవడం, ఆస్ట్రియా చుట్టి మళ్లీ జర్మనీ చేరడం. విమానం టికెట్లు కొనకముందే ఏ ఊళ్లో ఏ పార్కింగ్‌లో కారు పెట్టాలో రాసేసుకున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అందులో ముగ్గురికీ ఉద్యోగాలు కూడా పంచారు. ఆయనకి డ్రైవింగ్, మా అమ్మాయికి పాటలు, నాకు ఫుడ్. ఆ ఫుడ్ పక్కన ‘ఇతరములు’ అని కూడా వేశారు, ఖాళీగా ఉంటానేమోనని.

ఇక్కడ మా తెలుగు ఇళ్లలో ఒక రాజ్యాంగం ఉంది. ఎవరూ రాయలేదు, అందరూ పాటిస్తారు. వారమంతా కారు నడిపేది నేనే. అమ్మాయిని స్కూల్‌కి దింపి, ఆఫీస్‌కి వెళ్లి, సాయంత్రం కూచిపూడి క్లాస్‌కి, అటునుంచి ఇండియన్ గ్రోసరీకి, వానలోనూ టోల్‌వే ట్రాఫిక్‌లోనూ నేనే. కానీ ముగ్గురం కలిసి ఎక్కితే మాత్రం డ్రైవర్ సీటు ఆయనది. గ్రాండ్ కేన్యన్ వెళ్లినా నయాగరా వెళ్లినా నేను కుడివైపు, ఆయన పక్క సీట్లో కూర్చుని ఆపిల్ ముక్కలు కోసి అందించాను. శుక్రవారం సాయంత్రం వరకూ పనికొచ్చిన నా డ్రైవింగ్ శనివారం పొద్దుటికి ఎందుకు పనికిరాకుండా పోతుందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

అందుకే ఈసారి ముందే అడిగాను. "ఏమండీ, అక్కడ సగం దూరం నేను నడుపుతాను."

"నీకెందుకే శ్రమ? నువ్వు హాయిగా కూర్చుని ఎంజాయ్ చెయ్యి," అన్నారు ఆయన.

ఎంత ప్రేమగా అన్నారంటే, ఎదురు చెప్తే నేనే రాక్షసిని అవుతాను. తిట్టి వద్దంటే పోట్లాడొచ్చు. ముద్దుగా వద్దంటే ఏం చేస్తాం? నాకు మాత్రం ఆ ఆల్ప్స్ కొండల్లో స్టీరింగ్ నా చేతుల్లో ఉండాలని గట్టిగా ఉంది. చిన్నపిల్ల బొమ్మ కోసం ఏడ్చినట్టు ఉంది. ఆయన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకున్న మర్నాడు, లంచ్ బ్రేక్‌లో వెళ్లి నేనూ ఒకటి తెచ్చుకున్నాను. అడిగితే చెప్దామనుకున్నాను. అడగలేదు.

బయల్దేరే ముందు మా ఇంట్లో పాట్‌లక్ జరిగింది. ఆడవాళ్లందరూ నన్ను చుట్టుముట్టి రైస్ కుక్కర్ మర్చిపోవద్దని బతిమాలారు. మా ఆయన స్నేహితుడు, వరంగల్ ఆయన, అప్పటికే ఒకసారి వెళ్లొచ్చిన అనుభవంతో ఉపన్యాసం ఇచ్చాడు.

"అన్నా, జర్మనీ హైవే, ఆటోబాన్ మీద చాలాచోట్ల స్పీడ్ లిమిట్ ఉండదే. ఇగ కుమ్ముడే!"

మా ఆయన కళ్లు మూసుకుని ఆ మాటని బిర్యానీతో కలిపి నమిలారు.

జర్మనీ ఎయిర్‌పోర్ట్‌లో మాకు తాళాలిచ్చిన అద్దె కారు చక్కగా ఉంది. తలుపు తీసి చూస్తే మధ్యలో గేర్ రాడ్ నిలబడి ఉంది, కింద మూడు పెడల్స్. ఏం జరిగిందంటే, ఆన్‌లైన్‌లో ఏది కొనాలన్నా తక్కువ ధర నుంచి వరుస పెట్టి మొదటిది నొక్కడం మా ఆయనకి అలవాటు. అమెరికాలో అద్దె కారంటే ఆటోమేటిక్కే కాబట్టి ‘మాన్యువల్’ అనే మాట ఆయన కంటికి ఆనలేదు. ఆటోమేటిక్‌కి మార్చమంటే కౌంటర్‌లో ఉన్నాయన, సెలవుల రోజులు, ఒక్కటి కూడా లేదన్నాడు.

"గేర్లు నాకు కొత్తా? కాలేజీలో బండి మీద ఊరంతా తిరిగా," అన్నారు మా ఆయన.

"అది చేత్తో పట్టే క్లచ్ అండీ. ఇది కాలితో తొక్కాలి."

"క్లచ్ క్లచ్చే."

మా తరం మగవాళ్లలో చాలామంది సంగతి ఇదే. ఇండియాలో నడిపింది బైకు, కారు నేర్చుకున్నది అమెరికా వచ్చాక, క్లచ్ లేని కారు మీద. మా ఆయన తాళం తిప్పారు. కారు కప్పలా గెంతి ఆగింది. మళ్లీ తిప్పారు. మళ్లీ గెంతింది. మా వెనక రెండు కార్లు ఆగాయి.

"డాడీ, పీపుల్ వెయిట్ చేస్తుంది," అంది వెనక నుంచి మా అమ్మాయి.

"క్లచ్‌లోనే ఏదో ప్రాబ్లమ్ ఉంది," అన్నారు ఆయన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఇంకాసేపు గెంతించి, చెమట తుడుచుకుని, దిగి గోడకి ఆనుకుని నిలబడ్డారు. "పోనీ, ట్రైన్‌లో వెళ్దామా?" అన్నారు చివరికి. ఆ గొంతు విని నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆటోబాన్ కోసం ఆయనెన్ని నెలలు కలలు కన్నారో నాకు తెలుసు.

"నేను నడుపుతాను," అన్నాను.

మా రాజమండ్రిలో అప్పట్లో అమెరికా సంబంధం ఖాయం కాగానే అమ్మాయిని డ్రైవింగ్ స్కూల్లో చేర్చేవారు. పట్టుచీరలు కొనడం, కంప్యూటర్ కోర్స్, డ్రైవింగ్, అన్నీ ఒకే నెలలో. అలా కోటిపల్లి బస్టాండ్ దగ్గర రిక్షాలనీ గేదెలనీ తప్పించుకుంటూ నేను గేర్లు నేర్చుకున్నాను. అమెరికా వచ్చాక ఆ విద్యతో పని పడలేదు.

"నీకు పర్మిట్ ఎక్కడిది?" అన్నారు ఆయన. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కింద పడ్డా పైచేయి ఆయనదే కదా. "చూశావా, అందుకే ఎప్పుడూ బ్యాకప్ ఉండాలంటాను," అన్నారు.

నేనేమీ మొదటి దెబ్బకే దూసుకుపోలేదు. నా కారూ ఆగింది. ఇండియాలో గేర్ ఎడమచేత్తో వేసిన అలవాటు కొద్దీ నా ఎడమచెయ్యి వెళ్లి తలుపుని గుద్దుకునేది. చేతులు మారాయి గానీ కాళ్లు మారలేదు, అదే నన్ను కాపాడింది. ఆటోబాన్ మీద నెమ్మదిగా వెళ్లేవాళ్ల కుడి లేన్ వదలకుండా ట్రక్కుల వెనకే వెళ్లాను. పక్కన మా ఆయన ప్రాణం గిలగిల్లాడింది. "ఇంత దూరం వచ్చింది లారీల నంబర్లు చదవడానికా?" అన్నారు. "మీరు హాయిగా కూర్చుని ఎంజాయ్ చెయ్యండి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కలిగిన ఆనందం నయాగరా చూసినప్పుడు కూడా కలగలేదు.

ఫుడ్ శాఖ ఆయనకి బదిలీ అయింది. కమలాపండు గింజలతో సహా నోటికి అందించేవారు. మలుపు రాగానే లేని బ్రేకుని కాలితో నొక్కేవారు. "ఈ పక్క కూర్చుంటే నడుం ఇంత పట్టేస్తుందేమిటి?" అని ఒకసారి నిజంగానే ఆశ్చర్యపోయారు. స్విట్జర్లాండ్ కొండ మలుపులో, మా వెనకే టూరిస్ట్ బస్సు ఉండగా ఎత్తు మీద ఆగాల్సి వచ్చింది. క్లచ్ తప్పితే కారు వెనక్కి జారి బస్సుకి తగులుతుంది. హ్యాండ్ బ్రేక్ పట్టుకుని, క్లచ్ మెల్లగా వదిలితే కారు నెమ్మదిగా పైకెక్కింది. గట్టిగా నవ్వేశాను. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో.

పైన మంచు కొండలు కనిపించే చోట కారు ఆపాం. నేను టాయిలెట్‌కి వెళ్లొచ్చేసరికి మా ఆయన డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ మీద చెయ్యి వేసి, అమ్మాయి చేత ఫోటో తీయించుకుంటున్నారు. అది ‘ఆల్ప్స్ దాటుతున్నాం’ అనే మాటతో మా ఫ్రిస్కో వాట్సాప్ గ్రూప్‌లోకి వెళ్లింది. "అన్నా, కుమ్మేస్తున్నవ్!" అని వెంటనే జవాబు. ఆ గ్రూప్‌లో నేనూ ఉన్నానని ఆయన మర్చిపోయారు.

నాకు మండిపోయింది. సాయంత్రం హోటల్లో రైస్ కుక్కర్ పెడుతూ చెప్పేశాను. "నాకు మీ పొగడ్తలేమీ వద్దు. నాకు ఆ సీటు కావాలి. ఇక్కడ గతిలేక ఇచ్చినట్టు కాదు, ఇంటికెళ్లాక కూడా."

మర్నాడు ఇటలీ వైపు వెళ్తుంటే ఆయన పక్క సీట్లో చాలాసేపు ఫోన్‌లో ఏదో టైప్ చేసి చెరిపి, మళ్లీ టైప్ చేశారు. పెట్రోల్ కోసం ఆగినప్పుడు చూశాను. "నడుపుతున్నది మా ఆవిడ. నాకు గేర్లు రావు," అని గ్రూప్‌లో పెట్టారు. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. చివరికి ఒకాయన, అక్కడ పార్కింగ్ సులువుగా దొరుకుతోందా అని అడిగాడు. అయినా నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పరువు విషయంలో మా ఆయనకి అది చిన్న పని కాదు.

ఆస్ట్రియా అంతా నేనే నడిపాను. కారు తిరిగి ఇచ్చేస్తుంటే గేర్ రాడ్ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయాను.

డల్లాస్‌లో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో మా సొంత కారు దుమ్ము కొట్టుకుని ఉంది. మా ఆయన సూట్‌కేసులు వెనక సర్ది, డిక్కీ మూసి, అద్దం పక్కకి వచ్చి తాళం నా వైపు చాపారు.

"నువ్వే పోనియ్," అన్నారు.

నేను అప్పటికే కుడివైపు, డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని, బెల్ట్ పెట్టేసుకుని ఉన్నాను. నన్నక్కడ ఎవరూ కూర్చోమనలేదు.