పందెం కారు ముందు మజ్జిగ ముంత

నేను తాడ్వాయికి కొత్తకోడలిగా వచ్చిన ఏడు, నిజాం రోజుల్లో, దొరల కొడుకులిద్దరు కామారెడ్డి నుంచి మా ఊరి మీదుగా ఎల్లారెడ్డి దాకా మోటారు పందెం పెట్టుకున్నారు. పైరేకులు ఊడదీసిన కార్లట, చక్రాలు మొత్తం బయటికే కనిపిస్తాయట. డప్పు చాటింపు విని రాజంపేట నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. సడక్ పొడవునా జాతరే.

మొదటి కారు రయ్యిమని పోయింది. మాకు మిగిలింది దుమ్ము.

"ఏందే, గింతేనా? పొద్దుగాల సంది కూసున్నం గద!" అంటూ మా అత్త లేచింది. రెండో కారు చప్పుడు వినబడగానే మజ్జిగ ముంత పట్టుకుని సడక్ నడుమకు నడిచింది.

"అత్తమ్మా!" అని అరిచి కళ్లు మూసుకున్నాను. కీచుమని చప్పుడు. తెరిచి చూస్తే కారు ఆమె కొంగుకు తగిలి ఆగి ఉంది. కారు నడిపే దొర కొడుకు కిందికి దిగాడు.

"ఎండల పడి వస్తున్నవ్, జర సల్ల తాగి పో బిడ్డా," అంది అత్త, ఇంటికొచ్చిన చుట్టంతో అన్నట్టు.

అతను ఆమెను చూసి, ఏమనుకున్నాడో, నవ్వి ముంత ఎత్తాడు. జనం మూగి చక్రాలు తడుముతుంటే వద్దనలేదు.

ఎల్లారెడ్డిలో దండ మొదటాయనకే పడింది. కానీ పందెం ఎవరు గెలిచారని మా ఊళ్లో అడిగి చూడండి, "సల్ల తాగినాయనే" అంటారు. మొదటాయన ముఖం ఎవరు చూశారు గనక!